కాశీనాథుని నాగేశ్వరరావు

కాశీనాథుని నాగేశ్వరరావు (మే 1, 1867 - ఏప్రిల్ 11, 1938) పత్రికా సంపాదకుడు, వ్యాపారవేత్త, గ్రంథ ప్రచురణకర్త, స్వాతంత్ర్య సమర యోధుడు. నాగేశ్వరరావు పంతులుగా ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధుడు. అమృతాంజనం సంస్థను, ఆంధ్రపత్రికను, భారతి మాసపత్రికను, ఆంధ్ర గ్రంథమాలను స్థాపించాడు. దేశోద్ధారక, విశ్వదాత అనే బిరుదులతో తెలుగువారు ఆయనను గౌరవించారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కళాప్రపూర్ణ పురస్కారాన్ని ప్రదానం చేసింది.

నాగేశ్వరరావు దాతృత్వాన్ని గురించి, దేశసేవను గురించి చాలామందికి తెలుసు. వ్యాపారిగా ఆయన సాధించిన సమతూకం అంతగా చర్చకు రాలేదు. నిలకడగా లాభాలనిచ్చే ఒక తలనొప్పి మందును జాగ్రత్తగా కాపాడుకుంటూ, ఆ ఆదాయంతో నష్టభయం ఎక్కువగా ఉన్న కొత్త ప్రయత్నాలను ఒకదాని తరువాత ఒకటిగా నిలబెట్టడం ఆయన జీవితంలోని ప్రధాన విశేషం.

బాల్యం, విద్య

నాగేశ్వరరావు కృష్ణా జిల్లాలో 1867 మే 1న జన్మించాడు. తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్య. వారి స్వగ్రామం పామర్రు సమీపంలోని ఎలకుర్రు. అప్పటి కృష్ణా జిల్లా నేటి జిల్లాకంటె చాలా పెద్దది. 2022లో జరిగిన పునర్విభజనలో విస్సన్నపేట, తిరువూరు వంటి పడమటి మండలాలు ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఎలకుర్రు ఉన్న ప్రాంతం కృష్ణా జిల్లాలోనే మిగిలింది.

ప్రాథమిక విద్య స్వగ్రామంలోను, తరువాతి చదువు మచిలీపట్నంలోను సాగాయి. ఉన్నత విద్యకై మద్రాసు వెళ్ళి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి 1891లో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధనిలో వ్రాసిన వ్యాసాలు ఆయనను ఆకర్షించాయి. ఒక పత్రిక సంఘాన్ని ఎంతగా కదిలించగలదో ఆ రోజులలోనే ఆయన గ్రహించాడు. అయితే పత్రిక పెట్టాలన్న ఆలోచన కార్యరూపం దాల్చడానికి మరి పదిహేడేళ్ళు పట్టింది. ఆ మధ్యకాలమంతా ఆయన వ్యాపారం నేర్చుకోవడంలోను, స్థిరమైన ఆదాయాన్ని సమకూర్చుకోవడంలోను గడిచింది.

వ్యాపారంలో తొలి అడుగులు

ఆ కాలంలో పట్టభద్రులైన తెలుగు యువకులు సామాన్యంగా ప్రభుత్వోద్యోగానికో, న్యాయవాద వృత్తికో వెళ్ళేవారు. నాగేశ్వరరావు వ్యాపారాన్ని ఎంచుకున్నాడు. కొంతకాలం మద్రాసులో ప్రయత్నించి, తరువాత కలకత్తా వెళ్ళి మందుల తయారీలో అనుభవం సంపాదించాడు. అక్కడనుండి బొంబాయి చేరి, ఒక వ్యాపార సంస్థలో ఉద్యోగం చేశాడు. ఇతరుల సంస్థలో జీతానికి పనిచేయడం ఆయనకు తృప్తినివ్వలేదు. కలకత్తాలో నేర్చిన విద్య, బొంబాయిలో చూచిన వాణిజ్యం రెండూ కలిసి స్వంత వ్యాపారానికి పునాది అయినవి.

అమృతాంజనం

1893లో బొంబాయిలో నాగేశ్వరరావు అమృతాంజనం తయారీ ప్రారంభించాడు. ఇది నొప్పులకు పైపూతగా వాడే లేపనం. పసుపుపచ్చని రంగు, ఘాటైన వాసన దీని గుర్తులు. ఇటువంటి లేపనాలలో సామాన్యంగా కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం వంటి ద్రవ్యాలుంటాయి. ఇవి చర్మంపై చల్లదనాన్నో వెచ్చదనాన్నో కలిగించి, నొప్పినుండి దృష్టిని మరల్చి ఉపశమనాన్నిస్తాయి.

మొదట్లో ఈ మందు పేరు ఎవరికీ తెలియదు. సంగీత కచేరీలకు వచ్చినవారికి దీనిని ఉచితంగా పంచిపెట్టి నాగేశ్వరరావు ప్రచారం కల్పించాడు. ఒకసారి వాడి గుణం చూచినవారు రెండవసారి కొనుక్కుంటారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఫలించింది. క్రమంగా అమృతాంజనం దేశంలోని అనేక ప్రాంతాలకు వ్యాపించి, నాగేశ్వరరావును సంపన్నుని చేసింది.

ఈ వ్యాపార స్వభావాన్ని గమనిస్తే తరువాతి కథ సులభంగా అర్థమవుతుంది. లేపనం చిన్న సీసాలో ఇమిడే వస్తువు. త్వరగా చెడిపోదు. రైలులో ఎంత దూరమైనా పంపవచ్చు. ధర సామాన్యునికి అందుబాటులో ఉంటుంది. సీసా అయిపోయిన తరువాత వాడుకదారుడు మళ్ళీ అదే కొంటాడు. తయారీకి భారీ యంత్రాలు అవసరం లేదు. కనుక ఒకసారి పేరు స్థిరపడితే ఆదాయం ఏటేటా క్రమంగా వస్తూనే ఉంటుంది. దీనికి కావలసినది నాణ్యత తగ్గకుండా చూచుకోవడం, సరఫరా ఆగకుండా చూచుకోవడం, ప్రకటనలు మానకుండా ఉండడం. నాగేశ్వరరావు ఈ మూడింటినీ విడిచిపెట్టలేదు.

ఆంధ్రపత్రిక

బొంబాయిలో వారపత్రిక

నాగేశ్వరరావు కాంగ్రెసు మహాసభలకు హాజరవుతుండేవాడు. 1907లో సూరత్ కాంగ్రెసులో మితవాదులు, అతివాదులు విడిపోయారు. ఆ సందర్భంలో ఆంధ్రుల అభిప్రాయాలను వెల్లడించడానికి బలమైన తెలుగు పత్రిక అవసరమన్న భావం ఆయనలో గట్టిపడింది. 1902నుండి మచిలీపట్నంలో కృష్ణాపత్రిక వెలువడుతున్నప్పటికీ, తెలుగులో వార్తాపత్రికల రంగం ఇంకా బాల్యావస్థలోనే ఉంది.

1908లో ఆయన బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించాడు. తెలుగుదేశానికి దూరంగా, మరాఠీ, గుజరాతీ భాషల మధ్య తెలుగు పత్రికను నడపడం విచిత్రంగా తోచవచ్చు. అయితే ఆయన వ్యాపారం, పరిచయాలు, పెట్టుబడి అన్నీ బొంబాయిలోనే ఉన్నాయి. నడుస్తున్న వ్యాపారాన్ని వదలి మద్రాసు వెళ్ళడంకంటె, ఉన్నచోటనే చిన్న ఎత్తున పత్రిక ప్రారంభించి, తపాలాద్వారా పాఠకులకు పంపడం వివేకమైన పద్ధతి. వారపత్రికకు ఖర్చు తక్కువ, వార్తలు ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా పాఠకునికి ఇబ్బంది లేదు. ఈ ఆరేళ్ళలో సంపాదక నిర్వహణ, ముద్రణ, చందాల వసూలు వంటి పనులలో ఆయనకు అనుభవం కలిగింది.

పత్రిక ఏటా వెలువరించిన సంవత్సరాది సంచికలు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. వ్యాసాలతో, చిత్రాలతో వచ్చిన ఈ ఉగాది సంచికలకోసం పాఠకులు ఎదురుచూచేవారు. ఈనాటికీ పరిశోధకులు వీటిని ఆధార గ్రంథాలుగా వాడుతున్నారు.

మద్రాసులో దినపత్రిక

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమం ఊపందుకుంది. తెలుగు జిల్లాల రాజధాని మద్రాసు కాబట్టి, పత్రిక అక్కడ ఉండడం అవసరమైంది. 1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక మద్రాసునుండి దినపత్రికగా వెలువడింది.

ఇది వారపత్రికకు సాగింపు మాత్రమే అనుకోరాదు. దినపత్రిక వ్యవహారమే వేరు. ప్రతిరోజూ తంతి వార్తలు తెప్పించాలి, రాత్రికి రాత్రి అనువదించాలి, అచ్చు కూర్చాలి, తెల్లవారేసరికి రైలుకు అందించాలి. నేటి పత్రిక రేపటికి పనికిరాదు. అమ్ముడుపోని ప్రతి దస్తా నష్టమే. అక్షరాస్యులు తక్కువ, తెలుగులో ప్రకటనలిచ్చే వర్తకులు ఇంకా తక్కువ. వీటికి తోడు 1910 నాటి పత్రికా చట్టం ప్రకారం ప్రభుత్వం ముద్రణాలయాలనుండి ధరావతు కోరవచ్చు, దానిని జప్తు చేయవచ్చు. అంటే ఒక సంపాదకీయం నచ్చకపోతే పెట్టుబడికే ముప్పు. ఇటువంటి వ్యాపారానికి అప్పిచ్చేవారు అరుదు. అమృతాంజనం ఆదాయం వెనుక ఉన్నందువల్లనే నాగేశ్వరరావు ఈ సాహసానికి పూనుకోగలిగాడు.

దినపత్రిక ప్రారంభమైన నాలుగు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధ వార్తలు ఏరోజుకారోజు తెలుసుకోవాలన్న ఆసక్తి జనంలో పెరగడం పత్రికకు కలిసివచ్చింది. తరువాత సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహం, ఆంధ్రోద్యమం ఇంటింటికీ చేరడంలో ఆంధ్రపత్రిక ముఖ్యపాత్ర వహించింది. తెలుగు పాత్రికేయులు అనేకులు ఇక్కడ తర్ఫీదు పొందారు.

భారతి, ఆంధ్ర గ్రంథమాల

దినపత్రిక నిలదొక్కుకున్న పదేళ్ళ తరువాత, 1924 జనవరిలో నాగేశ్వరరావు భారతి అనే సాహిత్య మాసపత్రికను స్థాపించాడు. శాసనాలు, ప్రాచీన కావ్యాలు, భాషాచరిత్ర, కొత్త కవిత్వం, కథానిక అన్నింటికీ భారతి స్థానమిచ్చింది. వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి పరిశోధకుల రచనలు ఇందులో వెలువడ్డాయి. భారతిలో రచన అచ్చు కావడాన్ని తెలుగు రచయితలు గొప్ప గౌరవంగా భావించేవారు.

1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించి, ప్రాచీన కావ్యాలను, ఆధునిక రచనలను పుస్తకాలుగా ప్రచురించాడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి పీఠికతో ఈ గ్రంథమాలలోనే వెలువడింది. శతాబ్దాల క్రితపు ద్విపద కావ్యాన్ని సంస్కరించి అచ్చువేస్తే ఎన్ని ప్రతులు అమ్ముడవుతాయో ఏ ప్రచురణకర్తా ముందుగా చెప్పలేడు. లాభం చూచుకునేవాడు ఆ పని తలపెట్టడు. తెలుగు గ్రంథాల వివరాలను సేకరించి ఆంధ్ర వాఙ్మయ సూచికను కూడ నాగేశ్వరరావు వెలువరించాడు. గ్రంథాలయోద్యమానికి ఆయన అండగా నిలిచాడు. పుస్తకాలు అచ్చువేయడం, వాటిని చదివే అవకాశం పల్లెలవారికి కల్పించడం రెండూ ఆయనకు ఒకే పనిలోని రెండు భాగాలు.

విజ్ఞాన సర్వస్వం

తెలుగులో విజ్ఞాన సర్వస్వాన్ని నిర్మించడానికి పూనుకున్న కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1923లో మరణించాడు. ఆయన సంకలనం చేసిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కొన్ని సంపుటాలతోనే ఆగిపోయింది. మిత్రుడు విడిచిన ఆ పనిని నాగేశ్వరరావు చేపట్టి, ఆ సంపుటాలను మళ్ళీ ప్రచురించడానికి పూనుకున్నాడు. వార్తాపత్రికలో నష్టం వస్తే రేపటి సంచికలో సరిదిద్దుకునే అవకాశముంది. విజ్ఞాన సర్వస్వం విషయంలో ఏళ్ళ తరబడి పండితులకు జీతాలిచ్చి, ముద్రణకు ఖర్చుపెట్టి, ఫలితంకోసం వేచియుండవలెను. ఆయన చేసిన ప్రయోగాలన్నింటిలో ఆదాయానికి అత్యంత దూరమైనది ఇదే.

పాత వ్యాపారం, కొత్త ప్రయోగాలు

ఉన్న వ్యాపారాన్ని మెరుగుపరచుకోవడమా, పూర్తిగా కొత్తదానిని ప్రయత్నించడమా అన్న ప్రశ్న ప్రతి సంస్థకూ ఎదురవుతుంది. అమెరికాకు చెందిన జేమ్స్ మార్చ్ 1991లో ప్రచురించిన వ్యాసంలో ఈ రెండింటికీ అన్వేషణ, వినియోగం అన్న అర్థమిచ్చే పేర్లు పెట్టి చర్చించాడు. తెలిసిన పనినే మెరుగుపరుస్తూ పోయే సంస్థకు వెంటనే ఫలితం దక్కుతుంది, కాని కాలం మారినపుడు అది వెనుకబడుతుంది. ఎప్పుడూ కొత్తవాటి వెంట పడే సంస్థ ఏ ఒక్కదాని ఫలాన్నీ పూర్తిగా అనుభవించలేదు. మైకేల్ టష్‌మన్, చార్లెస్ ఓరైలీ 1996లో దీనికి ఒక మార్గాన్ని సూచించారు. పాత పనిని, కొత్త పనిని వేరువేరు విభాగాలుగా నడిపి, పైస్థాయి నాయకత్వం మాత్రం రెండింటినీ కలిపి చూడాలన్నది దాని సారాంశం.

నాగేశ్వరరావు ఆచరణలో ఇటువంటి పద్ధతే కనిపిస్తుంది. దానిలోని ముఖ్యాంశాలివి:

1. మందు తయారీ వేరు, పత్రికా కార్యాలయం వేరు. మందు తయారీలో కావలసినది మార్పులేని నాణ్యత. పత్రికలో కావలసినది నిత్యనూతనత్వం. ఒకదాని అలవాట్లను రెండవదానిపై రుద్దలేదు.

2. రెండింటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. మందు ఆదాయం పత్రికకు బలమైంది. పత్రికలో వచ్చిన ప్రకటనలు మందుకు ప్రచారమయ్యాయి.

3. ప్రయోగాలన్నీ ఒక్కసారి మొదలుకాలేదు. మందుకు, వారపత్రికకు మధ్య పదిహేనేళ్ళు, వారపత్రికకు, దినపత్రికకు మధ్య ఆరేళ్ళు, దినపత్రికకు, భారతికి మధ్య పదేళ్ళు గడిచాయి. ఒక మెట్టు గట్టిపడిన తరువాతనే ఇంకొక మెట్టు ఎక్కాడు.

4. కొత్త ప్రయత్నాలు వెంటనే లాభాలు తేవాలని ఆయన నిర్బంధించలేదు. వాటిని దేశసేవగా భావించినందువల్ల నష్టాన్ని భరించే ఓర్పు కలిగింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ అదే కాలంలో, అదే నగరంలో కనిపిస్తుంది. టంగుటూరి ప్రకాశం 1921లో మద్రాసునుండి స్వరాజ్య అనే ఆంగ్ల దినపత్రికను ప్రారంభించాడు. ప్రకాశం బారిష్టరుగా అపారంగా ఆర్జించినవాడు. అయితే సహాయ నిరాకరణలో భాగంగా ఆయన అదే సమయంలో న్యాయవాద వృత్తిని వదలివేశాడు. కొత్త పత్రిక ఖర్చు పెరుగుతుండగా దానిని పోషించే పాత ఆదాయం ఆగిపోయింది. ఎంతో పేరు తెచ్చుకున్నప్పటికీ స్వరాజ్య ఆర్థిక ఇబ్బందులతో సతమతమై, 1930ల మధ్యకాలానికి ఆగిపోయింది. ఇద్దరి త్యాగంలోనూ, ధైర్యంలోనూ ఎక్కువ తక్కువలు ఎంచడానికి లేదు. ఒకరి పత్రిక వెనుక నడుస్తున్న వ్యాపారముంది, రెండవవారి పత్రిక వెనుక అది లేదు.

ఈ సమతూకంలో ఒక లోపమూ ఉంది. మందు వ్యాపారాన్ని, పత్రికలను, ప్రచురణలను, దానధర్మాలను కలిపి చూచినవాడు నాగేశ్వరరావు ఒక్కడే. ఏ ఖర్చుకు ఎంతవరకు వెళ్ళవచ్చునో, ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆయన మనస్సే. అటువంటి నిర్ణయం వారసత్వంగా వచ్చేది కాదు.

రాజకీయ జీవితం

నాగేశ్వరరావు కాంగ్రెసులో ప్రముఖ పాత్ర వహించాడు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షునిగా పలుమార్లు పనిచేశాడు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగార శిక్ష అనుభవించాడు. జైలులో ఉన్న కాలంలో భగవద్గీతకు వ్యాఖ్య వ్రాశాడు. యజమాని జైలులో ఉన్నపుడు కూడ మందు వ్యాపారం, పత్రిక రెండూ సాగడం, ఆ సంస్థలు రోజువారీ నిర్వహణలో తమ కాళ్ళపై నిలబడ్డాయనడానికి నిదర్శనం.

ప్రత్యేకాంధ్ర రాష్ట్ర ఉద్యమంలో ఆయన పేరు చిరస్థాయిగా నిలిచింది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులోని ఆయన నివాసం శ్రీబాగ్‌లో సమావేశమై ఒక ఒప్పందానికి వచ్చారు. విశ్వవిద్యాలయ కేంద్రాలు, నీటిపారుదల, రాజధాని, హైకోర్టు మొదలైన విషయాలలో రాయలసీమకు హామీలిచ్చిన ఈ ఒప్పందం శ్రీబాగ్ ఒడంబడికగా చరిత్రకెక్కింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. దానిని చూడడానికి నాగేశ్వరరావు జీవించి లేడు.

చివరి సంవత్సరాలు

1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారింది. అంతవరకు ఒక వ్యక్తి వ్యాపారంగా ఉన్నది వాటాదారులు, డైరెక్టర్లు గల సంస్థ అయింది. వ్యాపారం యజమాని ఆయుర్దాయంతో ముడిపడకుండా నిలవడానికి ఇది తోడ్పడింది. అదే సమయంలో, వాటాదారులున్న కంపెనీ డబ్బును స్వంత డబ్బువలె ఇష్టమైన పనికి మళ్ళించడం కుదరదు. మందుకు, పత్రికకు మధ్య ఉన్న పాత బంధంలో ఈ మార్పు ముఖ్యమైనది.

1938 ఏప్రిల్ 11న నాగేశ్వరరావు మరణించాడు.

అనంతర చరిత్ర

నాగేశ్వరరావు తరువాత ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ ఆంధ్రపత్రిక, భారతి నిర్వహణను చేపట్టి, 1972లో మరణించేవరకు నడిపాడు. ఈ కాలంలో పోటీ పెరిగింది. నాగేశ్వరరావు మరణించిన నాలుగు నెలలకే, 1938 ఆగస్టులో, మద్రాసులో ఆంధ్రప్రభ దినపత్రిక ప్రారంభమైంది. 1974లో విశాఖపట్నంలో ఈనాడు వెలువడిన తరువాత తెలుగు దినపత్రికల తీరు మారింది. స్థానిక వార్తలకు ప్రాధాన్యం, తెల్లవారకముందే గుమ్మంలో పత్రిక, అనేక కేంద్రాలనుండి ముద్రణ అనేవి కొత్త ప్రమాణాలయ్యాయి. ఒకనాడు తానే కొత్త ప్రయోగమైన ఆంధ్రపత్రిక ఈసారి మార్పును అందుకోవలసిన పాత సంస్థ అయింది. 1991లో ఆంధ్రపత్రిక, భారతి రెండూ ఆగిపోయాయి.

అమృతాంజనం కంపెనీ మాత్రం కొనసాగింది. 2007లో దాని పేరు అమృతాంజన్ హెల్త్ కేర్ లిమిటెడ్‌గా మారింది. 2011లో పండ్లరసాల వ్యాపారంలోనూ ప్రవేశించింది. అయినా ఆ సంస్థ పేరు వినగానే జనానికి స్ఫురించేది 1893నాటి లేపనమే. తక్కిన ప్రయోగాలను పోషించడానికి ఏర్పడిన ఆదాయ మార్గం వాటికంటె ఎక్కువకాలం జీవించింది. ప్రయోగాల ఫలితం లెక్కలలో కనిపించకపోయినా పోలేదు. తెలుగు దినపత్రికకు పాఠకలోకాన్ని తయారుచేసిన ఘనత ఆంధ్రపత్రికది. దాని వెనుక వచ్చిన పత్రికలు ఆ పాఠకులకే వార్తలు అందించాయి.

స్మృతి చిహ్నాలు

మద్రాసు మైలాపూరులోని లజ్ ప్రాంతంలో నాగేశ్వరరావు పేరుతో ఒక పార్కు ఉంది. భారతి పాత సంచికలు, ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచికలు గ్రంథాలయాలలో పరిశోధకులకు లభిస్తున్నాయి.

ముఖ్య ఘట్టాలు

1867 - జననం
1891 - మద్రాసు క్రైస్తవ కళాశాలనుండి పట్టభద్రుడు
1893 - బొంబాయిలో అమృతాంజనం స్థాపన
1908 - బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా ప్రారంభం
1914 - మద్రాసులో ఆంధ్రపత్రిక దినపత్రికగా ప్రారంభం
1924 - భారతి మాసపత్రిక
1926 - ఆంధ్ర గ్రంథమాల
1935 - కళాప్రపూర్ణ
1936 - అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ
1937 - శ్రీబాగ్ ఒడంబడిక
1938 - మరణం